రీలు అయ్యేదాకా

బీరువా అడుగు అరలోంచి ఆ తోలు సంచీ తీసి బొత్తం విప్పేసరికి ముందు బూజు వాసన, దాని వెనకే ఎండిన వేపాకు వాసన, ఆ రెంటి అడుగున ఎక్కడో మా పాత పోర్టు క్వార్టర్ల వాసన వచ్చాయి. ఈ ఊళ్ళో వానాకాలం తోలు మీద మొలిపించే తెల్లబూజుని నలభై ఏళ్ళకి పైగా ఏటా తుడుస్తూనే ఉన్నాను, ఎండలో పెడుతూనే ఉన్నాను, కొత్త వేపాకు వేస్తూనే ఉన్నాను. లోపలున్న కెమెరా మాత్రం నాకు పదేళ్ళు వచ్చిన తరవాత ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. నాన్న గుర్తుగా దాచుకున్నానని మా ఇంట్లో వాళ్ళు అనుకుంటారు. నేనూ కాదని చెప్పలేదు. నిన్న రాజు ఫోన్ చేసి, "అక్కా, రేపు ఆదివారం కదా, వొత్తాను. మా నాన్నది ఫోటో ఏదైనా మీ ఇంట్లో ఉంటాదేమో ఓపాలి సూడవా" అన్నాడు. సరేనని పెట్టేశాను.

రాజు అంటే క్వార్టర్లలో మా పక్క వాటాలో ఉండే నూకరత్నం అత్త కొడుకు. అచ్యుతాపురంలో ఏదో ఫ్యాక్టరీలో పని, జుట్టు సగం నెరిసింది, నాకు మాత్రం ఇంకా చీర ఉయ్యాల్లో ఉన్న రెండు నెలల పిల్లవాడే. కిందటి నెల అత్త పోయింది. అత్త ఫోటోకి పటం కట్టించబోతే, పక్కన మీ నాన్నగారిది కూడా పెడదామా అని షాపువాడు అడిగాడట. అడిగినవాడి తప్పేముంది. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారని నాకు ముందే తెలుసు.

డెబ్బైల చివర్లో మా క్వార్టర్లలో తెల్లబట్ట తెల్లగా ఉండేది కాదు. గాలి వాటం మారినప్పుడల్లా ఇనపరాయి ధూళి వచ్చి దండెం మీద చీరలనీ, వడియాలు పెట్టిన పాత పంచెనీ, మా జడల్లో కనకాంబరాలనీ ఎర్రగా చేసి వెళ్ళేది. ఆ ధూళి మీదే పుల్లతో గళ్ళు గీసుకుని తొక్కుడు బిళ్ళ ఆడేవాళ్ళం, అదే చేతులతో నాగుల చవితికి చిమ్మిలి ఉండలు తినేవాళ్ళం, చిమ్మిలిలో నువ్వులకీ బెల్లానికీ తోడు ఒక రకమైన ఇనప రుచి కూడా ఉంటుందనే చాలాకాలం అనుకున్నాను. మధ్యాహ్నాలు ఇంటింటా నెత్తళ్ళ చేపల ఇగురు ఘాటు, వానొస్తే పక్క సందుల్లోంచి పనసపొట్టు కూరలో ఆవపెట్టిన వాసన. ఇవన్నీ చెబుతుంటే హాయిగానే ఉంటుంది గానీ, వీటన్నిటి మీదా సైరన్ ఒకటుండేది. అది షిఫ్టు వేళకి మోగితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. వేళ కాని వేళ మోగిందంటే మాత్రం వీధి మొత్తం ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు కాదు, అందరూ సందు మొగవైపే చూసేవారు. ఆ నిశ్శబ్దంలో మా అమ్మ గరిటె లోంచి చారు బొట్లుబొట్లుగా గచ్చు మీద పడటం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నాన్న ఓడల మీద వించి నడిపేవాడు. ఇనప తాడుతో బరువులెత్తే యంత్రం అది. తాడు తెగితే కింద ఎవరున్నారో చెప్పలేం. అందుకని బరువెత్తే ముందు తాడుని గజం గజం చేత్తో తడిమి చూడటం ఆయనకి అలవాటు, ఆ అలవాటు బజారుకీ తెచ్చేవాడు. వంకాయలు కొన్నా, నాకు పలక కొన్నా, ముందు తడమాలి, తిప్పాలి, వెలుతురుకి పెట్టాలి. "మీ ఆయన గుమ్మడికాయకి కూడా పెళ్ళిచూపులు చేస్తాడు" అని వీధి వాళ్ళు అమ్మని ఆటపట్టించేవారు.

అలాంటి మనిషి ఒక ఏడు పాటు కెమెరా వెతికాడు. జీతంలో ఇల్లు గడవగా మిగిలేది ఎంతో అమ్మకి తెలుసు కాబట్టి ఆవిడ మొదట నవ్వింది, తరవాత కోప్పడింది, చివరికి ఓవర్‌టైం డబ్బుల వరకూ నీ ఇష్టం, జీతం ముట్టుకుంటే ఒప్పుకోనంది. కెమెరా ఎందుకంటే మా మామ్మ కోసం. మామ్మ అంటే నాన్నకి అమ్మ. పద్మనాభం దగ్గర పల్లెలో ఉండేది, కోతలయ్యాక చోళ్ళ మూటతో, అదే రాగుల మూటతో, వచ్చి నాలుగైదు నెలలు మా దగ్గరుండేది. నాన్నకి నాలుగేళ్ళప్పుడు తాత పోయాడు. ఆయన ఫోటో లేదు. తాత ఎలా ఉండేవాడని అడిగితే మామ్మ "నీ మొకమే" అనేది, నాన్న గడ్డం గీసుకుంటూ అద్దంలో తనని తాను అలా చూసుకుంటూ ఉండిపోయేవాడు. మామ్మ కూడా అలా పోకూడదు. ఆవిడ బతికుండగా, కళ్ళు తెరిచి ఉండగా, తన చేత్తో ఫోటో తియ్యాలి. ఆయన కోరిక అంతే.

ఆదివారాలు సైకిల్ ముందు కడ్డీ మీద నేను, వెనక క్యారియర్ మీద అప్పలరాజు మావయ్య. అప్పలరాజు మావయ్య నూకరత్నం అత్త భర్త, ఓడ అడుగున ఉండే గోదాముల్లో సరుకు దించే కలాసీ, నాన్నకి చుట్టం కాదు గానీ ఒకరినొకరు బావ అనుకునేవారు. పెద్ద నోరు, పెద్ద నవ్వు, ఏ షాపుకెళ్ళినా షాపువాడితో ముందు ఆయనే మాట్లాడేవాడు.

మొదట చూసింది జగదాంబ సినిమా హాలు దగ్గర షాపు అద్దంలో ఉన్న డబ్బా కెమెరా. కొత్తది, చవక, బొత్తం నొక్కడం తప్ప నేర్చుకునేదేమీ లేదు. నాన్న దాన్ని మూడు ఆదివారాలు వెళ్ళి చూశాడు. ఎండలో అయితే బొమ్మ బాగానే వస్తుందనీ, నీడలో మొహం నల్లబడుతుందనీ షాపు కుర్రాడే చెప్పాడు. మామ్మ ఎండలో కూర్చోదు. ఎప్పుడూ వరండా మూల స్తంభానికి ఆనుకునే కూర్చుంటుంది. "ఆ మూలకెల్లి పని సెయ్యనిది మనకెందుకు" అని నాన్న దాన్ని వదిలేశాడు.

రెండోది మావయ్య తెచ్చిన బేరం. హార్బరు గేటు దగ్గర టీ కొట్టు వెనక ఒకతను ఓడవాళ్ళ దగ్గర కొన్న సెంటు సీసాలూ రేడియోలూ అమ్మేవాడు. అతని దగ్గర తళతళలాడే విదేశీ కెమెరా ఉంది. చేతిలో ఇమిడిపోతుంది, వెలుతురు ఎంతుందో అదే ముల్లుతో చూపిస్తుంది. నాకైతే దాని మీదికి మనసు పోయింది. మావయ్యకి నాకంటే ఎక్కువ. "బావ, సూడు, సినిమావోళ్ళ కాడుండేది ఇదే. కొనీ" అన్నాడు. నాన్న తడిమాడు, తిప్పాడు. ఆ ముల్లు కదలాలంటే బిళ్ళ లాంటి బ్యాటరీ ఒకటి కావాలి, అది ఈ ఊళ్ళో దొరకదు. రీలుకి ముప్పై ఆరు ఫోటోలు, అవి అయ్యేదెప్పుడు, కడిగించేదెప్పుడు. రసీదు లేదు, గేటు దగ్గర ఎవరైనా అడిగితే ఉద్యోగానికే ఎసరు. నాన్న తిరిగిచ్చేశాడు. దారంతా నేను మాట్లాడలేదు, మావయ్యా మాట్లాడలేదు. అలిగిన ఇద్దరు పిల్లల్ని తొక్కుకుపోతున్నానని నాన్న నవ్వాడు.

మూడోది వన్ టౌన్‌లో, సముద్రం గాలికి గోడలు పెచ్చులూడిన ఒక స్టూడియోలో దొరికింది. స్టూడియో ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు, పేరు వెంకటరత్నం. పెళ్ళిళ్ళకి వాడే కెమెరా గాజు బీరువాలో పట్టుగుడ్డ మీద ఉంది. ఇంకోటి తలుపు వెనక మేకుకి, తోలు సంచీలో, ఒంటరిగా వేలాడుతోంది. నాన్న దాన్ని దించమన్నాడు. ముందువైపు ఒకదాని మీద ఒకటి రెండు కళ్ళు, పైన మూత తీసి తల వంచి చూస్తే గాజు పలక మీద ఎదుటి మనిషి. రీలుకి పన్నెండు ఫోటోలు, వెనక చిన్న ఎర్ర కిటికీలో ఎన్నోదో అంకె కనిపిస్తుంది. నాన్న అద్దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, ఒక్క మచ్చ లేదు. బొత్తం నొక్కితే వచ్చే చిన్న చప్పుడుని చెవి దగ్గర పెట్టుకుని పదిసార్లు విన్నాడు. ఆయన మొహం చూసి ఇదేనని నాకు అర్థమైంది. ధర అడిగితే వెంకటరత్నం గారు చెప్పింది డబ్బా కెమెరా కంటే కాస్తే ఎక్కువ.

"ఇంత తక్కువేటండీ?" అన్నాడు నాన్న, తాడులో తెగిన పోగు చేతికి తగిలినట్టు అనుమానంగా.

వెంకటరత్నం గారు గడ్డం గోక్కున్నారు. "మీకు అబద్ధం సెప్పనండి. పెళ్ళికెళ్ళే కెమెరా వేరండి, సావింటికెళ్ళే కెమెరా వేరండి. ఇది మా అన్నయ్య సావులకి తిప్పిందండి. మేం దీంతో బతికున్నోళ్ళని తియ్యమండి. అన్నయ్య పోయాడు, నాకా పని ఇష్టం లేదు. అందుకే అమ్మేత్తన్నానండి."

మావయ్య నన్ను భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. "ఒల్లకో బావ. ఇది మనకొద్దు. అమ్మకి తీత్తావేటి దీంతోటి?"

నాన్న కెమెరాని మళ్ళీ వెలుతురుకి పెట్టి చూశాడు. ఆయన నమ్మకాలు లేని మనిషేం కాదు, ఓడెక్కే ముందు వించికి దండం పెట్టుకునేవాడు. కానీ నీడలో మొహం తీసే అద్దం మన డబ్బుకి మళ్ళీ దొరకదని కూడా ఆయనకి తెలుసు. "కళ్ళు మంచియి బావ. ఎవల్ని సూసినాయో దానికేటి తెలుస్తాది" అని డబ్బు తీసి ఇచ్చేశాడు. బయటికొచ్చాక, ఇది ఎక్కడిదో ఇంట్లో అనకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మావయ్య కూడా ఒట్టేశాడు, వేసి, సైకిల్ ఎక్కకుండా పక్కనే నడుస్తూ, నవ్వకుండా అన్నాడు: "నాను ఎవలకీ సెప్పను. కానీ నన్ను మాత్రం దీంతో ఎప్పుడూ తియ్యకు బావ, ఒట్టెయ్యి." నాన్న ఆయన చేతిలో చెయ్యేసి ఒట్టేశాడు.

ఆ మరుసటి ఆదివారమే నాన్న రీలు వేశాడు. మొదటి ఫోటో నాది, కనకాంబరాల జడ ముందుకేసుకుని గోడ దగ్గర. రెండోది మామ్మది. మామ్మకి కెమెరా అంటే భయం, మా పల్లెల్లో అప్పట్లో మనిషికి ఫోటో తీసేది చాలా మట్టుకు పోయాకే. కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, పట్నం నుంచి స్టూడియో మనిషిని పిలిపించి తీయించేవారు. "సచ్చినోళ్ళకి కదేటి ఫోటోలు? నాను బతికే ఉన్నాను కదరా" అని మామ్మ చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాన్న బతిమాలాడు. చివరికి స్తంభానికి ఆనుకుని కూర్చుని, కొంగు దించి, కొడుకు వంచిన తల వైపు గుర్రుగా చూసింది. బొత్తం చప్పుడైంది.

"ఏదీ, బొమ్మేదే గుంటా?" అంది మామ్మ నాతో వెంటనే.

రీలు అవ్వాలని చెప్పాను. మా ఇళ్ళల్లో సబ్బు ముక్క కూడా అరిగిపోయేదాకా కొత్తది తీసేవాళ్ళం కాదు, ఇంక పన్నెండులో రెండు తీసి రీలు కడిగించడమంటే అన్నం పారబోసినట్టే. మిగతా పది మంచి మంచి సందర్భాలకి తీద్దాం, అప్పుడు కడిగిద్దాం అన్నాడు నాన్న. ఆ మాట ఆయన ఎంత సంతోషంగా అన్నాడో ఇప్పటికీ గుర్తుంది.

పది రోజులు తిరక్కుండా వన్ టౌన్ నుంచి ఒకతను వెతుక్కుంటూ వచ్చాడు. సైకిల్‌కి వేలాడుతున్న తోలు సంచీని మేం కొన్న రోజే దారిలో చూసి గుర్తుపట్టాడట. ఆ సంచీ వాళ్ళ తాత చనిపోయినప్పుడు వాళ్ళింటికి వచ్చిందట. ఇప్పుడు తండ్రి పోయాడు. నాన్న కాదనలేకపోయాడు. అమ్మ మాత్రం ఆ వన్ టౌన్ మనిషికి మన కెమెరా సంగతి ఎలా తెలిసిందా అని రెండు రోజులు ఆశ్చర్యపోయింది. నేను పలక తుడుచుకుంటూ తల దించుకున్నాను.

తరవాత ఇంకో మూడిళ్ళు. ఎవరి దగ్గరా నాన్న పైసా పుచ్చుకోలేదు. పోయినవాళ్ళని మళ్ళీ తియ్యడానికి ఉండదు కాబట్టి ఒక్కొక్కళ్ళకి రెండేసి తీసేవాడు. ఏడాది తిరిగి సంవత్సరీకం అయితే గానీ పోయినవాళ్ళ పటం గోడకెక్కించకూడదని మా వైపు పట్టింపు, అందుకని ఎవరూ తొందరపెట్టలేదు, రీలు అయ్యాక ఇద్దువుగానిలే అన్నారు. ఇంటికి రాగానే అమ్మ పెరట్లోనే ఆయన నెత్తిన నీళ్ళు పోసి, సంచీ మీద పసుపు నీళ్ళు చల్లేది. ఆ సంచీ ఉన్న మేకు దగ్గరికి నేను వెళ్ళకూడదని హుకుం. నేను వెళ్ళేదాన్ని. ఎర్ర కిటికీలో అంకె చూసేదాన్ని. నాలుగు. ఆరు. ఎనిమిది. పది. వీధిలో పిల్లలు మా వరండా వైపు బిళ్ళ పడినా తెచ్చుకోవడానికి రావడం మానేశారు, నాన్న సంచీ భుజానికి వేసుకుని బయటికొస్తే ముసలివాళ్ళు లోపలికి లేచిపోయేవారు.

మామ్మ మాత్రం రోజూ పొద్దున్న చోడి అంబలి తాగుతూ అదే అడిగేది, నా బొమ్మేదని. అంబలి గిన్నె పక్కన పెట్టి ఒక రోజు లెక్క వేసింది. "ఆ డబ్బాలో ఎంతమందున్నారే?" చెప్పాను, పోయినవాళ్ళు నలుగురని. మామ్మ వేళ్ళు మడిచింది. "అంటే బతికున్నోళ్ళం నువ్వూ నానూ ఇద్దరమే అన్నమాట" అంది.

నేనూ ఉన్నానన్న సంగతి అంతవరకూ నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నుంచీ నాకు బడిలో పాఠం చెవికెక్కలేదు.

ఆ శ్రావణంలో నూకరత్నం అత్తకి రాజు పుట్టాడు. వీధి వాళ్ళ భయాలు పట్టించుకోకుండా, ఉన్న ఒక్క కెమెరా పక్క వాటాలోనే ఉంది కదా, ముగ్గురికీ కలిపి ఒక ఫోటో తియ్యమని అత్త నాన్నని అడిగింది. మావయ్య నవ్వుతూ, బిడ్డకి నెత్తి మీద జుట్టు రానీ, నాకు కొత్త చొక్కా కుట్టనీ, అని ఏదో ఒకటి చెప్పి వాయిదా వేసేవాడు. ఎందుకో నాన్నకీ నాకూ తెలుసు. అత్తకి తెలీదు.

సరిగ్గా రెండు నెలలకి, సన్నటి ముసురు పట్టిన ఒక పొద్దున్న, హార్బరు మీద తుఫాను గుర్తు ఎగరేసి ఉన్న రోజు, పదిన్నరకి సైరన్ మోగింది. అమ్మ గుమ్మంలోకి వెళ్ళింది, నేను అమ్మ వెనకాల. అత్త బిడ్డకి నలుగు పెడుతూ పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. సందు మొగలో నాన్న కనిపించాడు, నడుచుకుంటూ, సైకిల్ లేకుండా. మా వైపు చూడలేదు. అత్త వైపే చూస్తున్నాడు. గోదాములోకి దిగే ఇనప నిచ్చెన తడిసి ఉంది, మావయ్య కాలు జారింది, అంతే జరిగింది.

మావయ్యకి ఫోటో లేదు. పెళ్ళి సింహాచలం కొండ మీద అయింది, ఫోటోవాడికి డబ్బుల్లేవు. పోర్టు గేటు దగ్గర చూపించే బిళ్ళ మీద నంబరే గానీ మొహం ఉండదు. సాయంత్రం మావయ్యని కుర్చీలో కూర్చోబెట్టాక అత్త నాన్న కాళ్ళు పట్టుకుంది. "అన్నా, ఈడికి ఆళ్ళ అయ్య ఎవలో తెలవాల కదన్నా. తియ్యన్నా." నాన్న నా వైపు చూశాడు. ఆ ఒట్టు తెలిసినవాళ్ళం అక్కడ మేమిద్దరమే. అమ్మ సంచీ తెచ్చి చేతికిచ్చింది. నాన్న మూత తీసి తల వంచాడు. అందరికీ రెండేసి తీసిన మనిషి మావయ్యకి ఒక్కటే తీశాడు. రెండోసారి తల వంచలేకపోయాడు. ఎర్ర కిటికీలో పదకొండు.

మళ్ళీ వారానికి మామ్మకి జ్వరం వచ్చింది. మందులకి తగ్గలేదు. అమ్మ కూరలకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం మామ్మ నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి పెనం మీదున్నంత వేడిగా ఉంది. "ఒలే గుంటా, అప్పలరాజు పిలుత్తన్నాడే. ఒకటే డబ్బాలో ఉన్నాం కదేటి. నన్ను అందులోంచి తీసీవే" అంది.

మామ్మనీ, నన్నూ. మిగతావాళ్ళని ముట్టుకోకుండా మా ఇద్దరినీ బయటికి తీసేస్తే చాలుననుకున్నాను. ముక్కాలి పీట వేసుకుని సంచీ దించాను, పెరట్లోకి తీసుకెళ్ళాను, వెలుతురు బాగా ఉంటే త్వరగా కనిపిస్తామని ఎండలోనే కూర్చున్నాను. అడుగున బొత్తం తిప్పితే వెనక తలుపు తెరుచుకుంది. లోపల నల్ల కాగితం చుట్ట. కొస పట్టుకుని లాగాను, కాగితం వెనక జిగురుగా మెరిసే బూడిదరంగు రీలు వచ్చింది. దాని మీద ఎవరూ లేరు. ఇంకా లాగాను. అక్కడా లేరు. మావయ్య లేడు, వన్ టౌన్ ముసలాయన లేడు, ఎవరి మొహమూ లేదు. అందరూ ఎక్కడికో వెళ్ళిపోయారనిపించింది. అప్పుడే ఒంటిగంట సైరన్ మోగింది. ఉలిక్కిపడి చుట్టంతా గబగబా బిగించి, తలుపు మూసి, సంచీ మేకుకి తగిలించేశాను. సాయంత్రానికి మామ్మ జ్వరం దిగింది.

మందు పనిచేసిందని అమ్మ అంది. మామ్మ నా వైపు చూసి కన్ను గీటింది.

ఆ తరవాత నాన్న ఆ కెమెరా ముట్టుకోలేదు. ఎవరు పిలిచినా వెళ్ళలేదు. దాదాపు ఏడాది పాటు అది మేకుకి అలాగే ఉంది, దాని కింద నుంచే నేను బడికి వెళ్ళేదాన్ని. అత్త అప్పుడప్పుడూ బిడ్డని ఎత్తుకుని వచ్చి సంచీ వైపు చూపించి, "అదిగో, మీ అయ్య ఆ లోన ఉన్నాడు" అని చెప్పేది. వాడు చేతులు చాచేవాడు. నేను అక్కడి నుంచి లేచిపోయేదాన్ని. చెప్పడానికి అన్ని రోజులున్నాయి నాకు, ఒక్క రోజూ నోరు పెగల్లేదు.

సంవత్సరీకం దగ్గరపడ్డాక నాన్న పన్నెండోది తియ్యకుండానే రీలు ఇచ్చేశాడు. ఒక్క ఫోటో వృథా చెయ్యడం ఆయన జీవితంలో అదే. రెండు రోజుల తరవాత నన్ను కూడా తీసుకెళ్ళాడు. వెంకటరత్నం గారు మాకు కుర్చీలు వేసి, నీళ్ళిచ్చి, అప్పుడు రీలు కిటికీకి అడ్డంగా పట్టి చూపించారు. చుట్టలో బాగా లోపల ఉండటం వల్ల మొదటి రెండూ దక్కాయి: నేను, మామ్మ. మూడోదీ నాలుగోదీ సగం సగం. అక్కడి నుంచి ఒకటే నలుపు.

"వెలుతురు సొరబడిందండి. ఎలాగో మరి" అన్నారాయన.

నాన్న కళ్ళు ఆ నలుపు మీదే ఉన్నాయి. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను, నోరు తెరిచాను కూడా. అంతలో నాన్న నా తల మీద చెయ్యి వేసి నెమ్మదిగా అన్నాడు: "వొద్దన్నాడు కదమ్మా. ఒట్టేయించుకున్నాడు. ఆడే పడనివ్వనేదు." ఆ మాట అన్నాక ఆయన భుజాలు ఏడాదిగా మోస్తున్నది దించినట్టు కిందికి జారాయి. నేను నోరు మూసుకున్నాను. ఆయన పోయేదాకా మూసుకునే ఉన్నాను. ఆయన కోసమని నాకు నేను చెప్పుకుంటాను గానీ, సగం నా పిరికితనమే.

మిగతా ఇళ్ళవాళ్ళు పెళ్ళి ఫోటోల్లోంచో, గుంపు ఫోటోల్లోంచో వాళ్ళ వాళ్ళని వెతుక్కున్నారు. అత్త నాన్నని ఒక్క మాట అనలేదు. గోడ మీద మావయ్య కోసం కొట్టించిన మేకుకి తరవాత ఎప్పుడూ క్యాలెండరే వేలాడింది. మామ్మ తన ఫోటో చూసి, "ఎవర్తే ఈ ముసల్ది, ఇంత గుర్రుగా సూత్తన్నాది" అని ఆ తరవాత ఇంకో పదకొండేళ్ళు బతికింది.

ఇవాళ రాజు వచ్చాడు. ఆ క్వార్టర్లు లేవు, వన్ టౌన్ స్టూడియో లేదు, కడిగేవాళ్ళు లేరు, ఆ రీళ్ళు అమ్మే షాపూ లేదు, మావయ్య మొహం గుర్తున్నవాళ్ళల్లో బహుశా నేనొక్కదాన్నే మిగిలాను, నాకూ ఆ నవ్వు తప్ప ముక్కూ నుదురూ సరిగ్గా గుర్తులేవు. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా మొత్తం చెప్పాను. స్టూడియో, ఒట్టు, మామ్మ జ్వరం, పెరట్లో ఎండ. చెప్పి, ముక్కలు చెయ్యకుండా దాచిన ఆ రీలు సంచీలోంచి తీసి ముందు పెట్టాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

రాజు రీలు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చాచి పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా చూశాడు.

"అక్కా, ఇందులో మా నాన్న ఏ నలుపు?" అన్నాడు.

లేచి వెళ్ళి మొదటి నుంచి ఒక్కో గడి వెడల్పున వేలితో లెక్కపెట్టి, పదకొండో గడి దగ్గర ఆపాను. వాడు జేబులోంచి ఫోన్ తీసి, రీలుని వెలుతురుకి సరిగ్గా పట్టుకోమని నాకిచ్చి, తల వంచి దాన్ని ఫోటో తీసుకున్నాడు. ఆగి, రెండోది కూడా తీశాడు.